రెండు గుహల దవడ

పోయినవారం డాక్టరమ్మని ఒక విరిగిన దవడ ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. మనకి వారం గడిచింది. ఆవిడకి మాత్రం గడిచింది ఒక్క రాత్రే, అదీ కంటిమీద కునుకు లేకుండా. కాబట్టి ఈ భాగంలో ఆవిడ ఎవరిమీదైనా విసుక్కుంటే పెద్దమనసు చేసుకుని సర్దుకుపోండి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. డాక్టరమ్మ మందులిచ్చే డాక్టరు కాదు. మంచుయుగంలో చచ్చి గుహల్లో మిగిలిపోయిన జంతువుల ఎముకల్ని మ్యూజియంలో కూర్చుని చదివే మనిషి. ఆవిడ వీధిలోవాళ్ళకి ఈ తేడా ఇప్పటికీ బోధపడలేదు. ఎముకల డాక్టరని ఎవరో అన్నారు, అంతే, మోకాళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నా దగ్గరికొచ్చే పేషెంట్లు వేల ఏళ్ళ కిందటే పోయారు, ఒక్కళ్ళూ బతికి బట్టకట్టలేదు అని ఆవిడ ఎంత చెప్పినా, మంచి డాక్టర్లకి ఆమాత్రం వినయం ఉంటుందిలే అనుకున్నారు.

ఊరవతల కొండలో రెండు గుహలున్నాయి. పై గుహ పెద్దది. మంచుయుగంలో దుమ్ములగొండ్లు తరతరాలుగా కాపురం చేసి, తిన్నంత తిని ఎముకలు అక్కడే పారేసిన కొంప అది. ఖడ్గమృగం కాళ్ళు, ఎలుగుబంటి పుర్రెలు, బస్తాలకొద్దీ బయటపడ్డాయి. కొండని తవ్వి ఎలకని పట్టారని లోకం ఎగతాళి చేస్తుంది గానీ, వీళ్ళు నిజంగానే కొండని తవ్వి, మట్టి జల్లించి, ఎలక పళ్ళు దొరికితే కూడా సంబరపడతారు. కింద గుహ అలా కాదు. ఇరుకు, తడి, లోపల వాగు. దాంట్లోంచి ఇంతవరకు బయటికొచ్చింది ఒకే ఒక్క ముక్క, దుమ్ములగొండి దవడలో వెనక సగం. తెచ్చింది డాక్టరమ్మ సొంత అన్నయ్య. తెస్తూ జారిపడి నడుం విరిగి, అప్పటినుంచి చక్రాల కుర్చీలోనే ఉండిపోయాడు. ఆ తర్వాత కింద గుహకి ఇనపగేటు పెట్టి తాళం వేశారు.

ఇప్పుడు కొండ కిందిభాగం కావాలని సున్నపురాయి క్వారీవాళ్ళు అడుగుతున్నారు. సోమవారం కమిటీ కూర్చుంటుంది. కింద గుహ మంచుయుగపు జంతువుల గుహేనని డాక్టరమ్మ సంతకం పెడితే కొండ మిగులుతుంది, పెట్టకపోతే పేలుడుమందుకి పోతుంది. ఆ సంతకానికి ఉన్న ఆధారం అన్నయ్య తెచ్చిన ఆ దవడముక్క ఒక్కటే.

అలాంటి సమయంలో, ఏ ముహూర్తాన బుద్ధి పుట్టిందో గానీ, డాక్టరమ్మ పై గుహ చిల్లరసంచి విప్పింది. ఏ జంతువుదో తేలని ముక్కలన్నీ పడేసే సంచి అది. అందులో ఒక దవడ ముందు సగం దొరికింది. తెచ్చి కింద గుహ దవడ పక్కన పెడితే, తాళంలో తాళంచెవి దూరినట్టు రెండూ అతుక్కున్నాయి.

ఇదీ ఇంతవరకు జరిగింది.

తెల్లారాక డాక్టరమ్మ చేసిన మొదటి పని, తనని తాను మోసం చేసుకోవడానికి ప్రయత్నించడం. చదువుకున్నవాళ్ళకి ఇందులో మంచి శిక్షణ ఉంటుంది. దుమ్ములగొండి ఎముకల్ని నోట కరుచుకుని తిరిగే జంతువు కదా, చచ్చిన తోటిదాని దవడ విరగ్గొట్టి, సగం పై గుహలో వదిలి, సగం కింద గుహకి ఎత్తుకుపోయి ఉండకూడదా? ఉండొచ్చు. ఈ ఊహ ఎంత బాగుందంటే, ఆవిడకి ఆకలి కూడా వేసింది. పెట్టెలోంచి బిస్కట్టు తీసి తింటూ, భూతద్దం పట్టుకుని విరిగినచోటు చూసింది.

చూసి బిస్కట్టు పక్కన పెట్టేసింది.

ఎముక ఏనాడో మంచుయుగంలోనే విరిగి ఉంటే, విరిగిన అంచుకి కూడా మట్టి పట్టి, ఎముక పైభాగం ఏ రంగో అంచూ అదే రంగుకి తిరుగుతుంది. వేల ఏళ్ళు మట్టిలో పడున్నాక పైన ఒక రంగు, అంచున ఒక రంగు ఉండవు. అదే మన కాలంలో, తవ్వేటప్పుడు గునపం తగిలి విరిగితే, అంచు సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. ఈ పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. డాక్టరమ్మే ఎంతమందికో నేర్పింది.

దవడ పైన ఎర్రమట్టి రంగు. రెండు ముక్కల అంచులూ తెల్లగా ఉన్నాయి.

అంటే గునపం తగిలేదాకా అది ఒకే దవడ, ఒకేచోట ఉంది. ఒక సగం పై గుహ సంచిలో దొరికింది కాబట్టి రెండో సగమూ పై గుహదే. దాన్ని కింద గుహలోకి ఏ దుమ్ములగొండీ మోసుకెళ్ళలేదు. కింద గుహ నంబరు దానికి మనిషే వేశాడు.

ఆ మనిషి ఎవరన్నది కనుక్కోవడానికి పోలీసులక్కర్లేదు. మ్యూజియంలో ప్రతి ఎముకకీ చిన్న తెల్లరంగు చుక్క పెట్టి, దానిమీద సన్నటి కలంతో నంబరు వేస్తారు. చీమ నడిచినట్టుండే ఆ అంకెలు వేసే చెయ్యి ఈ మ్యూజియంలో ఒక్కటే. వదిన.

వదినంటే అన్నయ్య భార్య. ముక్కలైన ఎముకల్ని అతికే పని ఆవిడది. పెళ్ళికి ముందునుంచీ ఇక్కడే చేస్తోంది. అన్నయ్య ఆవిడని మొదట చూసింది కూడా ఇక్కడే. అన్నయ్య గుహల్లోకి దిగి కొలతలు తీసే సర్వేయరు. మనిషి కనిపిస్తే మొహం తర్వాత, ముందు భుజాలు చూసేవాడు. ఎవరు ఏ సందులో దూరతారో, ఎక్కడ ఇరుక్కుంటారో మనసులో లెక్క వేసేసుకునేవాడు. ఇంటికొచ్చిన చుట్టాల్నీ, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాణ్ణీ వదిలిపెట్టలేదు. వదినని చూసిన రోజున చెల్లెలి చెవిలో, ఎంత సన్నటి సందులోనైనా దూరుతుంది అన్నాడు. అది ప్రేమని అర్థం కావడానికి చెల్లెలికి కొంతకాలం పట్టింది.

అంత సన్నటి మనిషీ గుహ గుమ్మం తొక్కి ఎరగదు. మూసిన గదంటే ఆవిడకి ప్రాణం పోతుంది. లిఫ్టు ఎక్కదు. స్నానాల గదికి గడియ పెట్టదు, ఎవరూ రాకుండా లోపలినుంచి పాటలు పాడుతుంది. ల్యాబ్ తలుపుకి ఇటుక అడ్డం పెట్టందే కుర్చీలో కూర్చోదు. ఇంట్లో అయితే వీధితలుపు పడుకునేదాకా బార్లా తెరిచే ఉంటుంది. దొంగలొస్తారేమో వదినా అంటే, రానీ, గాలి కూడా వస్తుందిగా అంటుంది. మరి అలాంటి మనిషి, పై అంతస్తులో పెద్దపెద్ద కిటికీలతో ఉన్న ల్యాబ్‌ని, డాక్టరమ్మ ఇప్పుడు కూర్చున్న ఈ నేలమాళిగలోకి మార్పించమని పట్టుబట్టి డైరెక్టరు చుట్టూ ఎందుకు తిరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. అడిగితే ఎముకలకి ఎండ పడదు అంది.

ఆ రోజూ మామూలుగానే వచ్చింది. ఇటుకని కాలితో జరిపి తలుపుకి ఆనించింది. చేతిసంచి కొక్కేనికి తగిలించి, డాక్టరమ్మ మొహం చూసి, రాత్రి ఇంటికెళ్ళలేదా, ఇలా అయితే ఆ పేషెంట్లలో నువ్వూ కలిసిపోతావు అని వేళాకోళం మొదలుపెట్టి, బల్లమీద అతికి ఉన్న దవడ చూసి మధ్యలో ఆపేసింది.

డాక్టరమ్మ ఎన్నో ప్రశ్నలు సిద్ధం చేసుకుంది. వరసలో పెట్టుకుంది కూడా. తీరా నోరు విప్పేసరికి ఓపిక లేకపోయింది.

"ఇది కింద గుహది కాదు కదా వదినా."

"కాదు," అంది వదిన.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడవలేదు, దబాయించలేదు. ఎప్పుడో రావలసిన బస్సు ఇప్పుడొచ్చినట్టుంది ఆ మొహం. దవడ ముందు సగాన్ని వేలితో తాకి, దీనికి ఇంకో సగం ఉందని తెలుసుగానీ ఎక్కడుందో తెలీదు, దొరికుంటే అప్పుడే పారేసేదాన్ని అంది. ఆ మాట అన్నందుకు కూడా సిగ్గుపడలేదు. డాక్టరమ్మకి కోపం రావాలి. దానికోసం ఎదురుచూసింది కూడా. వచ్చింది తలనొప్పి.

వదిన చెప్పింది చెప్పినట్టు రాస్తే ఈ వారం పత్రికంతా ఆవిడకే సరిపోతుంది. కాబట్టి నేను కుదించి చెబుతాను.

అన్నయ్యని గుహలోంచి స్ట్రెచర్ మీద బయటికి తెచ్చినరోజు, ఆయన గుప్పిట్లో ఉన్న దవడని విడిపించడం ఎవరివల్లా కాలేదట. వదిన అడిగితే ఇచ్చాడు. నిజంగా కింద గుహలోంచి వచ్చిన దవడ అదే. తడి గుడ్డలో చుట్టి ల్యాబ్‌కి తెచ్చింది. తడి గుహలోంచి వచ్చిన ఎముకంటే నానిన బిస్కట్టుతో సమానం. గుడ్డ విప్పకుండా పెట్టెలో పెట్టి, మూత రోజుకి కాస్త చొప్పున తెరుస్తూ, వారాలపాటు ఆరబెట్టాలి. తొందరపడితే పైపొర ఆరి ముడుచుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, ఎముక పగిలి పొరలుగా విడిపోతుంది. వదినకంటే ఇది తెలిసినవాళ్ళు లేరు. వెలుతురులో ఒక్కసారి చూసి పెట్టెలో పెడదామని గుడ్డ విప్పి కిటికీ గట్టుమీద పెట్టింది. అప్పుడే ఆస్పత్రినుంచి ఫోను, ఆపరేషన్‌కి సంతకం కావాలి వెంటనే రమ్మని. పెట్టింది పెట్టినట్టు వదిలేసి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి కిటికీ గట్టుమీద రెండు రోజుల ఎండ కాసి పోయింది.

"పొడి," అంది వదిన. "చీపురుతో ఊడ్చేపాటి పొడి. పళ్ళు ఉన్నాయి, అవీ ఉల్లిపొరల్లా విచ్చుకుపోయాయి. చేత్తో తీయబోతే రాలిపోయాయి."

డాక్టరమ్మ తల ఎత్తి నేలమాళిగ గోడలు చూసింది. పైన వీధి మట్టంలో జానెడు వెంటిలేటరు, అందులో దారిన పోయేవాళ్ళ పాదాలు. ఎండ పొడ రాదు. మూసిన గదిలో ఊపిరాడని మనిషి, ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చోవడం తనకి తాను వేసుకున్న శిక్ష అని ఆవిడకి ఇప్పుడు తట్టింది.

"పోనీ, పోయిందని చెప్పెయ్యకపోయావా?"

"చెబుదామనే వెళ్ళా. ఆయన కళ్ళు తెరిచాడు. నా కాళ్ళేవని అడగలేదు, దవడ ఎలా ఉందని అడిగాడు. కాళ్ళు రావని నేనే చెప్పాలన్నారు డాక్టర్లు. కాళ్ళు పోయాయని చెప్పిన నోటితోనే, దేనికోసం పోయాయో అది కూడా పోయిందని చెప్పమంటావా?"

కడిగి ఆరబెట్టి, ఇంకా నంబర్లు వెయ్యని పై గుహ ఎముకల ట్రేలోంచి దగ్గరదగ్గరగా అలాగే ఉన్న సగం దవడ ఒకటి తీసి, తెల్లచుక్క పెట్టి, కింద గుహ నంబరు వేసి ఆస్పత్రికి పట్టుకెళ్ళానని చెప్పింది వదిన. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో తడిమి, భార్య మొహంలోకి చాలాసేపు చూసి, బాగా జాగ్రత్త చేశావు అన్నాడట. రోజంతా దుప్పటి కింద పెట్టుకుని పడుకున్నాడట. ఆయన ఇంటికొచ్చాక మెల్లగా చెప్పొచ్చనుకుంది వదిన. ఈలోగా డైరెక్టరు వచ్చి దానికి అద్దాల బీరువా చేయించాడు. డాక్టరమ్మ దానిమీద వ్యాసం రాసింది, ఆ వ్యాసంతోనే పదిమందికీ తెలిసింది. ప్రభుత్వం గేటు పెట్టింది.

"అబద్ధం ఆడింది నేను," అంది వదిన. "దానికి మేడ కట్టింది మీరందరూ."

ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అదే డాక్టరమ్మకి మరీ కష్టంగా ఉంది.

ఇంతకీ ఆవిడ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. సంతకం పెడితే, అబద్ధమని తెలిసి తెలిసి పెట్టినట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఎముక చెప్పిందే రాసిన చెయ్యి అది. పెట్టకపోతే కింద గుహ పేలిపోతుంది. ఆ గుహలో నిజంగానే ఎముకలున్నాయి, వదిన కళ్ళతో చూసింది. కానీ పొడిని ఏ కమిటీ ముందు పెడతాం? పైగా ఎందుకు పెట్టలేదో అన్నయ్యకి చెప్పాలి. చెబితే, జీవితంలో ఆయనకి మిగిలిన ఒక్క గొప్పా కిటికీ గట్టుమీద పొడై పోయిందని తెలుస్తుంది. నిజం కిందే ఉంది, దాన్ని మోస్తున్నది మాత్రం అబద్ధం. అబద్ధాన్ని లాగేస్తే నిజం కూడా కూలిపోతుంది.

వదిన లేచి, చేతిసంచి మళ్ళీ భుజానికి తగిలించుకుంది.

"సోమవారం ఏం రాస్తావో నీ ఇష్టం. ఆయనకి మాత్రం నేను చెప్పలేను. నువ్వే వెళ్ళి చెప్పు. నేను ఇంట్లో లేనప్పుడు చెప్పు."

అని ఎక్కడికో వెళ్ళిపోయింది. డాక్టరమ్మ రెండు సగాల్నీ గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. తలుపుకి అడ్డంగా ఉన్న ఇటుకని తీయాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించి, అలాగే వదిలేసి బయల్దేరింది.

అన్నయ్య ఇల్లు పెద్ద దూరం కాదు. అయినా రెండుచోట్ల ఆగింది. ఒకచోట మోకాళ్ళు నొప్పెట్టాయి. ఇంకోచోట ఏమీ నొప్పెట్టలేదు, ఊరికే ఆగింది. పక్కవీధి పెద్దావిడ ఎదురుపడి తన మడమనొప్పి గురించి మొదలుపెడితే, అంతా విని, నీళ్ళలో ఉప్పేసి కాపడం పెట్టుకోండి అంది. ఇన్నేళ్ళలో ఆవిడ రోగికి సలహా చెప్పడం అదే మొదటిసారి. ఇంక కాదనే ఓపిక లేదు.

వీధితలుపు తెరిచే ఉంది. అన్నయ్య కిటికీ దగ్గర బల్లమీద పెద్ద కాగితం పరుచుకుని ఏదో గుహ పటం గీస్తున్నాడు. ఎక్కడెక్కడివాళ్ళో తీసిన కొలతలు పంపిస్తారు, ఈయన కూర్చున్నచోటునుంచే ఆ గుహల్లో తిరుగుతుంటాడు. చెల్లెల్ని చూసి కలం పక్కన పెట్టాడు.

"రా చిట్టీ. సోమవారం కమిటీ ఇవాళే అయిపోయినట్టుంది నీ మొహం."

యాభై దాటినా అన్నయ్యకి ఆవిడ చిట్టీయే. డాక్టరమ్మ కూర్చుంది, నీళ్ళు తాగింది, ఎండ గురించి మాట్లాడింది, క్వారీ లారీల దుమ్ము గురించి మాట్లాడింది. అన్నయ్య అన్నిటికీ ఊఁ కొట్టాడు. మాటలైపోయాక ఆవిడ సంచిలోంచి గుడ్డమూట తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన ముడి విప్పి చూడనైనా చూడలేదు. గుడ్డలోకి చెయ్యి పెట్టి, రెండు ముక్కల్నీ తడిమి, లోపలే రెంటినీ అతికాడు. అతుక్కున్న చప్పుడు డాక్టరమ్మకి వినిపించింది.

"దొరికిందన్నమాట," అన్నాడు. "పై గుహ సంచిలోనేనా?"



అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదని చిన్నప్పుడు ఇంట్లో అందరూ అనేవాళ్ళు. ఏ రహస్యమైనా సాయంత్రానికి వీధిలో ఉండేది. అలాంటి మనిషి ఇన్నేళ్ళు ఒక్కమాట పొక్కనివ్వలేదంటే నమ్మడం కష్టం. కానీ ఆయన చెబుతుంటే నమ్మక తప్పలేదు.

పడ్డాక దీపం పగిలిపోయింది. ఎవరైనా వచ్చేదాకా ఆ చీకట్లో అలా పడున్నాడు. నడుం కింద ఏమీ తెలియడంలేదు. చేతిలో దవడ ఒక్కటే ఉంది. భయం వేసినప్పుడల్లా బొటనవేలితో దాన్ని తడుముకున్నాడు. ఏ పన్ను ఎక్కడ అరిగిందో, ఏది కాస్త ఒరిగిందో అంతా వేలికి కంఠతా వచ్చేసింది. వెనకపన్ను కింద ఒక గుంట ఉంది. ఆ జంతువుకి ఎప్పుడో చిగుళ్ళు వాచి, చీము పట్టి, మానిన గుంట. బొటనవేలి కొన సరిగ్గా అందులో కూర్చునేది. పాపం దీనికీ బాగా నొప్పెట్టి ఉంటుంది, అయినా బతికింది అనుకుంటూ పడుకున్నానన్నాడు.

"మీ వదిన ఆస్పత్రికి తెచ్చిన దవడకి ఆ గుంట లేదు," అన్నాడు. "వేలు పెట్టగానే తెలిసింది. తర్వాత మీ వదిన మొహం చూశా. అన్నం తిని ఎన్నాళ్ళయిందో అలా ఉంది. అసలుదానికి ఏదో అయిపోయిందని అర్థమైంది. బాగా జాగ్రత్త చేశావన్నా. ఇంకేమంటాం?"

డాక్టరమ్మకి ఇప్పుడు వచ్చింది కోపం. పొద్దుటినుంచీ ఎదురుచూసిన కోపం, తీరా వచ్చేసరికి ఎవరిమీద చూపించాలో తెలియలేదు. మొగుడికి తెలియకూడదని పెళ్ళాం, తనకి తెలుసని పెళ్ళానికి తెలియకూడదని మొగుడు, మధ్యలో దానిమీద వ్యాసాలు రాసుకుంటూ తను. ఆవిడ ఉన్నమాట అనేసింది. వదిన నీకోసం అబద్ధమాడింది సరే, నువ్వు సైన్సు చదువుకున్నవాడివి, నాకైనా చెప్పాలి కదా అంది.

అన్నయ్య కిటికీలోంచి వీధి చూశాడు.

"చెప్పేవాణ్ణే. కానీ అక్కడ దవడ ఒక్కటే లేదు చిట్టీ. పుర్రె కూడా ఉంది. దవడ ఊడి చేతికొచ్చింది, పుర్రె సున్నపుపొర కింద అతుక్కుపోయి రాలేదు. ఆ మాట చెబితే నువ్వు ఆగేదానివా? వెళ్ళేదానివి, ఎలాగోలా తెచ్చేదానివి. తెచ్చాక ఏం చేస్తారు? బీరువాలోంచి దవడ తీసి పుర్రె కింద పెట్టి చూస్తారు. కలవదు. అప్పుడు అందరూ ఎవరివైపు చూస్తారు?"



అర్థమైంది కదా. కింద గుహలో ఎవరూ చూడని పుర్రె ఉందని తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే. దాన్ని కనిపెట్టినవాడు. అందుకు కాళ్ళు ఇచ్చుకున్నవాడు. భార్య వేసిన ఒక దొంగ నంబరు బయటపడకూడదని, పుర్రెని చీకట్లోనే వదిలేసి, గేటుకి తాళం వేస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. ఈయనకి మిగిలిన గొప్ప ఈ దవడే కదా అని ఇంతసేపూ జాలిపడ్డ డాక్టరమ్మకి, ఆయన అసలు గొప్పని తనే పూడ్చిపెట్టుకున్నాడని తెలిసి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా అలుపుగా ఉంది. చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

అయితే ఆవిడ బుర్ర ముప్ఫై ఏళ్ళ అలవాటు మానలేదు. సున్నపుపొర కింద ఉన్నదాన్ని ఎవరూ తెచ్చి పెట్టలేరు. ఆ పొర కట్టడానికే వేల ఏళ్ళు పడుతుంది. పుర్రెని కదపక్కర్లేదు, ఉన్నది ఉన్నచోటే ఫొటో తీస్తే చాలు. దవడ ఊసే ఎత్తకుండా ఆ ఫొటోమీద నిజాయితీగా సంతకం పెట్టొచ్చు. గుహ మిగులుతుంది. దొంగ దవడని బీరువాలోంచి తీసి ఎక్కడిదో అక్కడ పెట్టెయ్యొచ్చు. గేటు తాళంచెవి తన సంచిలోనే ఉంది. సోమవారం కమిటీ చేతికి ఇచ్చేదాకా తనదగ్గరే ఉంటుంది.

దారి ఎలా ఉంటుందని అడిగింది. అన్నయ్య అలవాటుగా కాగితంమీద గీసి చూపించాడు. వాగు దాటాక గోడలో ఒక చీలిక. పక్కకి తిరిగి, తల ఒకవైపే పెట్టి, ఊపిరి మొత్తం వదిలేసి దూరాలి. మధ్యలో ఊపిరి పీలిస్తే ఛాతీ బిగుసుకుపోతుంది. అది దాటితే చిన్న గది, అందులో పుర్రె. తను వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాడు, వచ్చేటప్పుడే, చీలిక దాటి ఇవతలికొచ్చాక తడిరాయిమీద కాలు జారింది.

"నువ్వు దూరలేవు," అన్నాడు చెల్లెలి భుజాలు చూసి. "పాతికేళ్ళప్పుడైనా దూరగలిగేదానివి కాదు."

బయటివాళ్ళని పంపడానికి లేదు. ఆ గేటు దాటడానికి అనుమతి ఉన్నది మ్యూజియంలో పనిచేసేవాళ్ళకే. డైరెక్టరు పేరెత్తగానే ఇద్దరికీ ఆయన పొట్ట గుర్తొచ్చింది. ఆ పొట్టకి గేటు దాటడమే గొప్ప. డ్రైవరుది ఆబోతు మెడ. కాపలాదారుకి తలుపు తోయడానికే ఆయాసం. అన్నయ్య ఒక్కొక్కళ్ళనీ తలుచుకుని తల అడ్డంగా ఊపుతూ పోయాడు. ఇంక మ్యూజియంలో సన్నటి మనిషి ఎవరున్నారు అని డాక్టరమ్మ పైకే అంది.

అన్నయ్య చూపు చెల్లెల్ని దాటి వెనక్కి పోయింది. డాక్టరమ్మ తిరిగి చూసింది.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. వీధితలుపు ఎప్పుడూ తెరిచుండే ఇంట్లో, మనిషి వచ్చిన చప్పుడు ఎలా తెలుస్తుంది? చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతవరకు విన్నదో అడగక్కర్లేదు, మొహంమీద రాసి ఉంది.

ఆవిడ వచ్చి భర్త కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. ఆయన ఒళ్ళోని గుడ్డలోంచి దవడ తీసి, రెండు ముక్కల్నీ విడదీసి పక్కన పెట్టింది. డాక్టరమ్మకి లేచి వెళ్ళిపోవాలనిపించింది గానీ మోకాళ్ళు లేవనివ్వలేదు.

"ఇన్నాళ్ళూ తెలుసా మీకు?"

"తెలుసు."

"నేను ఆ బీరువా తుడిచినప్పుడల్లా తెలుసా?"

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకోబోతే, ఆవిడ ఆ చేతిని తీసి, బల్లమీది కాగితం కిందికి లాక్కుంది. అప్పుడే గీసిన గీతలమీద వేలు పెట్టి, వాగు దగ్గరినుంచి చీలికదాకా నెమ్మదిగా నడిపించింది. చీలిక దగ్గర వేలు ఆగింది. ఆవిడ ఊపిరి వేగం డాక్టరమ్మకి వినబడుతోంది. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే చూసి వెనక్కి తగ్గే మనిషి ఊపిరి అది.

"ఏవండీ," అంది కాగితంమీదనుంచి తల ఎత్తకుండానే. "ఈ సందులో నేను దూరగలనా?"

వీధిలో పోయే ప్రతివాడి భుజాలూ చూసి లెక్క కట్టే అన్నయ్య, ఆ ఒక్కసారి భార్యవైపు చూడలేదు.